కక్కించే కొస

తెల్లారేసరికి కళింగపట్నం పడవలన్నీ సముద్రం మీదికి వెళ్లిపోయాయి. ఎర్రన్న పడవ ఒక్కటే ఇసుకలో పడి ఉంది. కోడలు గున్నమ్మకు అమ్మవారు పోసి రెండు రోజులైంది. టీకాలవాళ్లు జీపులో వచ్చి అందరికీ పొడిచి పోయారు. గుమ్మానికి వేపమండలు కట్టాక చుట్టాలంతా దారి మార్చుకున్నారు. చుట్టరికం అంతవరకే.

కబురంది కూతురు నీలవేణి వాల్తేరు నుంచి వచ్చింది. అక్కడ యూనివర్సిటీలో మందుల మీద పరిశోధన చేస్తోంది. గున్నమ్మ మొగుడు, తన అన్న పోతురాజుకూ రోగం అంటకుండా డాక్టరిచ్చిన మాత్ర మింగించింది. కాసేపటికే అతను వాకిట్లో భళ్లున కక్కేశాడు.

"సూసినావేటే?" ఎర్రన్న గొంతు లేచింది. "పక్కింటి తాతమ్మకి అమ్మవారు పోస్తే సేవ సేసిన మీ యమ్మకీ ఇదే మాత్ర ఇచ్చినారు. ఇలాగే కక్కింది. అమ్మవారు వద్దంతందని రెండోది నానే పెట్టనివ్వనేదు. అయినా తీసుకుపోయింది. మందు ముట్టినందుకే తీసుకుపోయింది!"

"కక్కించింది అమ్మవారు కాదయ్యా, మాత్రే."

"అయితే కక్కించని మాత్ర తే! ఇన్నేళ్లూ అక్కడ గాజుబుడ్లు కడగతన్నావేటి?"

పోతురాజు మూతి తుడుచుకున్నాడు. "వాల్తేరు సదువు కదయ్యా, తెల్లగా కడుగుతాది."

నీలవేణి నవ్వలేదు. "ఆ మందు అణువుకి ఓ కొస ఉంటాది. అది తీసేసి వేరేది తగిలించినాం. కుక్కలకిస్తే కక్కనేదు. కానీ ఆ కొత్త మందు రోగాన్ని ఏటీ సెయ్యనేదు. ఎన్ని మార్పులు సేసినా అంతే."

"అంటే?"

"ఇప్పటిదాకా మాకు తేలింది ఒకటే. కక్కించే కొసే రోగాన్నీ కొడతంది. కక్కినా మళ్లీ మింగాల." నీలవేణి పొట్లంలోంచి ఇంకో మాత్ర తీసింది.

ఎర్రన్న అరుగు మీద కూలబడ్డాడు. "అయితే, మీ యమ్మకి రెండోది పెట్టుంటే..."

అబద్ధం చెప్పడానికి నీలవేణికి నోరు రాలేదు. "బతికేదేమో అయ్యా. తెలీదు. అప్పుడు నాకూ ఇదేటీ తెలీదు."

ఎర్రన్న లేచి, కూతురి చేతిలో మాత్ర లాక్కుని కొడుకు నోట్లో పెట్టాడు. "మింగరా!"

పోతురాజుకు మళ్లీ కడుపు తిప్పింది. ఎర్రన్న అతని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. నీలవేణి ఆ చెయ్యి మెల్లగా తీసి తన చేతిలోకి తీసుకుంది.

"కక్కనీ అయ్యా. ఇంకోటి ఉన్నాది."