గేటు నంబరు ఎనిమిది వందల తొంభై నాలుగు

బ్యాటరీ మార్చడానికి పది నిమిషాలు చాలని ఫెర్గస్ మెక్‌లీష్ నాకు మాట ఇచ్చాడు. ఇచ్చి ఇరవై మూడు నిమిషాలైంది. మంగళవారం, బయట వాన. దుకాణంలో నా కారు మూత తెరిచి ఉంది. బ్యాటరీ నేల మీద ఉంది. ఫెర్గస్ మాత్రం కౌంటరు వెనక ఉన్నాడు, ఎందుకంటే కౌంటరు ముందు తడిసిన పసుపుపచ్చ రెయిన్‌కోటుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ జిల్లా పిల్లలకు భూగోళం చెప్పాను. ఫెర్గస్ మూడో వరసలో కూర్చునేవాడు, అప్పుడూ ఒక పని సగంలో వదిలేసేవాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వినాలని కాదు, చెవులు మూసుకోవడానికి కారణమేమీ కనబడక.

"మీ దగ్గర అన్నిటికంటే ఖరీదైన నావిగేషన్ యంత్రం ఏదండీ?"

"ఖరీదైనదే ఎందుకు?"

"మంచిది కాబట్టి."

"ఖరీదైనది ఖరీదైనదండీ. అంతవరకే నేను హామీ ఇవ్వగలను."

"మీరు అమ్మడానికి కూర్చున్నారా, ఆపడానికి కూర్చున్నారా?"

"నిలబడే ఉన్నాను. కూర్చుంటే మా నాన్న ఊరుకోడు."

ఆమె నవ్వలేదు. "చూడండి, ఈ ఊరు దాటి రెండు మలుపులు తిరిగితే ఫోనుకి సిగ్నల్ ఉండదు. పోయిన వారం మా తమ్ముడి పాత యంత్రం పెట్టుకుని ఒక ఇంటికి బయల్దేరాను. అది నన్ను తీసుకెళ్ళి ఎవరిదో గడ్డివామి ముందు నిలబెట్టింది. నేను ఆ ఇల్లు చేరేసరికి బిడ్డ పుట్టేసింది. వాళ్ళాయన గొర్రెపిల్లని పట్టినట్టు తువ్వాలులో పట్టుకుని ఏడుస్తున్నాడు."

"అయ్యో నర్సు గారూ..."

"నర్సుని కాను. మిడ్‌వైఫ్‌ని. మూడు నెలల ఒప్పందం మీద వచ్చాను, ఒక నెల అయిపోయింది. ఇంకొక్క తల్లి దగ్గరికి ఆలస్యంగా వెళ్ళానా, వెల్లింగ్టన్‌కి తిరిగి వెళ్ళిపోతాను. దారి తెలియని మిడ్‌వైఫ్ ఎవరికి కావాలి?"

ఆమె పేరు అనహెరా పోటికి. ఫెర్గస్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

"మూడు రకాలున్నాయి. చూడకుండా కొనకండి. శనివారం మూడూ అద్దానికి తగిలించి, మన రోడ్ల మీదే పరీక్ష పెడదాం. ఏది నెగ్గితే అది తీసుకోండి."

"ముక్కూ మొహం తెలియని మనిషితో కారెక్కి కొండల్లోకి రమ్మంటున్నారా?"

"ఇదిగో, మా మిస్ గన్ కూడా వస్తారు. ఆవిడ ముందు నేను తుమ్మడానికే భయపడతాను."

నన్ను ఎవరూ అడగలేదన్న సంగతి ఇక్కడ నమోదు చేయడం న్యాయం. అనహెరా నన్ను పరీక్షగా చూసి, "ఆంటీ, మీరొస్తారా?" అంది. ఆమె జాతివాళ్ళు పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. నాకు వరసలు కలిపేవాళ్ళంటే పడదు. "వస్తాను" అన్నాను.

శనివారం వాన తగ్గలేదు. నేను వెనక సీట్లో, ఒడిలో చీజ్ రోల్స్ డబ్బాతో. అనహెరా స్టీరింగు దగ్గర. ఫెర్గస్ పక్కన. అద్దం మీద మూడు యంత్రాలు వరసగా అతుక్కుని ఉన్నాయి. పరీక్షకు నా ఇంటి చిరునామానే ఇచ్చాను: ఏడువందల యాభై ఒకటి, మిల్ క్రీక్ రోడ్డు.

"మొదటిదానికి మగగొంతు పెట్టాను. మిగతా రెండూ ఆడగొంతులు" అన్నాడు ఫెర్గస్.

"అయితే మొదటిది దారి తప్పినా ఒప్పుకోదు" అంది అనహెరా.

రోడ్డులోకి తిరిగిన నాలుగో కిలోమీటరులో, ఒక వంతెన మధ్యలో, మగగొంతు నిబ్బరంగా చెప్పింది: "మీరు గమ్యం చేరుకున్నారు."

"ఆంటీ, మీరు వంతెన కింద ఉంటారా?"

"అద్దె తక్కువనా?" అని ఫెర్గస్ అందుకున్నాడు.

ఆమె ఈసారి నవ్వింది. నవ్వితే కుడిబుగ్గ మీద ఒక గుంట పడుతుంది. అది నేను వెనక నుంచి అద్దంలో చూశాను. ఫెర్గస్ చూసిన సంగతి ఎర్రబడిన అతని చెవులు చెప్పాయి.

రెండో యంత్రం ఇంకా ఐదు కిలోమీటర్లుందని వాదిస్తుండగా మూడోది ఒక్కసారిగా, "ఇక్కడే కుడివైపు తిరగండి" అంది. కుడివైపు కంచె, కంచె వెనక గొర్రెలు, వాటి వెనక కొండ. నూటముప్ఫై ఏళ్ళ కిందట సర్వేవాడెవడో కాగితం మీద గీసి, ఎవరూ ఎన్నడూ వేయని రోడ్డు అది. ఈ దేశంలో అలాంటి కాగితపు రోడ్లు వేల మైళ్ళున్నాయి. దేన్నీ తొక్కని కాళ్ళతో, ఏ కొండనూ చూడని కళ్ళతో ఆ గీతని యథాతథంగా మింగి, మనుషులకు ఆజ్ఞలిచ్చే వస్తువును డబ్బిచ్చి కొనే యుగంలో ఉన్నాం. కోపంతో నా చేతిలో చీజ్ రోల్ నలిగిపోయింది.

అనహెరా కారు ఆపింది. "మూడూ పనికిరావు. మరి మీరంతా ఎలా వెళ్తున్నారు?"

ఫెర్గస్ వేలు చూపించాడు. "ఆ గేటు మీద నంబరేంటి?"

"ఐదువందల ముప్ఫై. ఈ రోడ్డు మీద ఐదువందల ఇళ్ళున్నాయా?"

"పదకొండున్నాయి. అవి ఇళ్ళ లెక్క కాదు, దూరం లెక్క. రోడ్డు మొదలైన చోటు నుంచి ఐదు పాయింట్ మూడు కిలోమీటర్లకి ఆ గేటు ఉంది. బేసి నంబరైతే ఎడమవైపు, సరి నంబరైతే కుడివైపు. మీ కారు మీటరు చూసుకుంటే చాలు. యంత్రానికి ఈ సంగతి తెలీదు. ఇళ్ళన్నీ పేకముక్కల్లా సమంగా పరిచున్నాయనుకుంటుంది."

వైపర్లు ఆరుసార్లు తిరిగాయి.

"ఈ సంగతి మీకు మంగళవారమే తెలుసా?"

"తెలుసు."

"ఒక్క ముక్క. కౌంటరు దగ్గరే చెప్పొచ్చు."

"చెప్పొచ్చు."

"మరెందుకు చెప్పలేదు?"

ఫెర్గస్ వైపరుని చూస్తూ అన్నాడు. "చెప్తే వెళ్ళిపోయేవారుగా."

చెవులు, మెడ, చొక్కా కాలరు దాకా ఎర్రబడ్డాడు. ఇంకో సందర్భంలో అయితే ఆ మాట ముద్దుగా ఉండేది.

"నా చేతిలో తొమ్మిదిమంది తల్లులున్నారు" అంది అనహెరా. గొంతు పెంచలేదు. "నాలుగు రోజులు ఆపారు. ఈ నాలుగు రోజుల్లో ఎవరికైనా నొప్పులొచ్చుంటే? మీ సరదా ఖరీదు ఎవరు కట్టాల్సొచ్చేది?"

ఆమె మీటరు చూసుకుంటూ నన్ను నా గేటు దగ్గర, అతన్ని కూడా నా గేటు దగ్గరే దింపేసి, ఎవరికీ బాకీ లేదన్నట్టు మూడు యంత్రాల్లో ఒకదాన్ని ఉంచుకుని, దాని ధర నోట్లుగా అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

వంటింట్లో అతని జుట్టు నుంచి నీళ్ళు నా బల్ల మీద కారుతున్నాయి.

"మిస్, నేను తప్పు చేశానా?"

"చేశావు. ఎర్రసిరాతో సున్నా చుట్టి చూపించమంటావా?"

"ఆమెకి క్షమాపణ చెప్పనా?"

"చెప్పకు. క్షమాపణ చెప్పి బరువు దించుకునేవాళ్ళే అందరూ. పని ఏదైనా ఉంటే చెయ్యి."

ఆ మాట వాడు ఎంత అక్షరాలా తీసుకున్నాడో నాకు వారం తర్వాత తెలిసింది. ఉదయాన్నే నా గేటు దగ్గర నిచ్చెన, బకెట్టు, బ్రష్షు. పన్నెండేళ్ళ నాచు కింద నుంచి నా నంబరు బయటపడింది. దాని మీద వెలుతురు పడితే మెరిసే తెల్లరంగు అంకెలు అతికిస్తున్నాడు.

"జిల్లా అంతా చేస్తున్నావా?"

"నలభై ఒక్క గేట్లయ్యాయి. ఇంకా ఉన్నాయి. సగం గేట్లకి పలకలే లేవు మిస్, కొన్నిటిని ఆవులు రుద్దుకుని రుద్దుకుని చెరిపేశాయి."

"రెండువైపులా అతికిస్తున్నావెందుకు?"

ఫెర్గస్ బ్రష్షు ముంచుతూ తల ఎత్తలేదు. "ఏవైపు నుంచి వస్తుందో తెలీదుగా."

ఆ సాయంత్రం నా గతకాలపు మార్కుల పుస్తకం దొరికితే అతనివి కొన్ని సవరించాలనిపించింది. దొరకలేదు.

మరో పది రోజులకు ఏరు పొంగి, మిల్ క్రీక్ రోడ్డులోని ఆ వంతెన మీదకు నీళ్ళొచ్చాయి. పొద్దున ఎనిమిదిన్నరకు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఉత్తరాల పెట్టె దగ్గరికి వెళ్ళిన నాకు నా ఇల్లే కనబడలేదు. సముద్రం వైపు నుంచి, అంటే రోడ్డు చివరి నుంచి, ఒక కారు మెల్లగా వచ్చి నా గేటు ముందు ఆగింది. అద్దం దిగింది. లోపల నావిగేషన్ యంత్రం మీద ఊలుతో అల్లిన పసిపిల్లల టోపీ కప్పి ఉంది.

"ఆంటీ! ఆరువందల పన్నెండులో కర్స్టీకి నొప్పులు. వంతెన మూసేశారు, చుట్టూ తిరిగొచ్చాను. వెనకనుంచి వస్తే లెక్క ఎలాగో తెలీక..." అని, హెడ్‌లైటు వెలుగులో మెరుస్తున్న నా నంబరు చూసి ఆగిపోయింది. పెదవులు కదిలాయి. "ఏడువందల యాభై ఒకటి. అందులోంచి ఆరువందల పన్నెండు పోతే నూటముప్ఫై తొమ్మిది. ఒకటి పాయింట్ మూడు తొమ్మిది కిలోమీటర్లు. సరి నంబరు, కానీ నేను అటునుంచి కాదు, ఇటునుంచి వస్తున్నా. అంటే ఎడమవైపు. అవునా?"

"నూటికి నూరు" అన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ మాట నేను నాలుగుసార్లు అన్నాను.

"ఈ నంబర్లు ఇంత శుభ్రంగా, రెండువైపులా... మునిసిపాలిటీ వాళ్ళకి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చింది?"

"వాళ్ళకి రాలేదు. స్పానరు పట్టుకునేవాడొకడికి వచ్చింది. నువ్వెళ్ళు, బిడ్డ ఆగదు."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. కారు మంచులోకి వెళ్ళిపోయింది. బిడ్డ పుట్టడానికి యాభై నిమిషాల ముందే ఆమె కర్స్టీ చెయ్యి పట్టుకుని ఉంది. ఆడపిల్ల, మూడు కిలోల ఆరువందలు. ఆ కబురు నాకు మధ్యాహ్నానికి అందింది.

మర్నాడు నేను దుకాణంలో ఉండటం కాకతాళీయం అని వాదించను.

"ఇది వెనక్కి తీసుకో" అని అనహెరా యంత్రాన్ని కౌంటరు మీద పెట్టింది. టోపీ ఇంకా దాని మీదే ఉంది.

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోమండీ. బోర్డు చూడండి."

"బోర్డు ఎవరు రాశారు?"

"నేనే."

"అయితే నువ్వే చెరుపు. అతికించడం వచ్చినవాడికి చెరపడం రాదా?"

ఫెర్గస్ నా వైపు చూశాడు. నేను పైకప్పు చూశాను.

"యాభై మూడు గేట్లు" అంది ఆమె, మెల్లగా. "నిన్నంతా తిరిగి లెక్కపెట్టుకున్నాను. నాకు ఒక్క మాటయినా చెప్పలేదేం?"

"చెప్తే సరదాకి చేశాననుకునేవారు."

వాన లేదు, అయినా ఇద్దరూ తడిసినవాళ్ళలా నిలబడ్డారు. చివరికి ఆమే అడిగింది: "అందరి గేట్ల నంబర్లూ చూశాను. నీ గేటు నంబరెంత?"

"నాకింకా గేటే లేదు. మిల్ క్రీక్ రోడ్డులో, మిస్ వాళ్ళింటికి అవతల, ఎనిమిదివందల డెబ్భై నుంచి తొమ్మిదివందల పది దాకా నేల కొన్నాను. గేటు ఎక్కడ పెడితే అక్కడి దూరమే నంబరుగా ఇస్తారు. రెండేళ్ళుగా ఎక్కడ పెట్టాలో తేలక..." గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం వచ్చి చూస్తావా? నువ్వు ఎక్కడ కారు ఆపితే అక్కడ పెడతాను."

"ఆంటీ కూడా వస్తే."

నన్ను ఈసారీ ఎవరూ అడగలేదు.

ఆదివారం ఎండ కాసింది. రోడ్డు మొదట్లో మీటరు సున్నా చేసి బయల్దేరాం. ఎనిమిది పాయింట్ ఏడు దగ్గర మొదటి సరిహద్దు రాయి వచ్చింది. అనహెరా ఆపలేదు. ఎనిమిది పాయింట్ ఎనిమిది దగ్గర పచ్చిక మిట్ట, అందమైన చోటు. ఆపలేదు. తొమ్మిది పాయింట్ ఒకటి దగ్గర రెండో రాయీ దాటిపోయింది. ఫెర్గస్ ముఖం ఎదురుగా అద్దంలో పాలిపోయింది. నోరు తెరిచి, నన్ను చూసి మూసుకున్నాడు. ఆమె సముద్రం దాకా పోయింది, అక్కడ కారు తిప్పింది, వెనక్కి వచ్చింది. కొండమీద నుంచి ఒక సన్న మట్టిదారి వచ్చి కలిసే చోట, దానికి సరిగ్గా ఎదురుగా, బ్రేకు వేసింది.

"ఇక్కడ."

"ఇక్కడా? గాలి ఎక్కువ. ఆ మిట్ట మీదయితే సముద్రం కనిపిస్తుంది."

"సముద్రం చూసుకుంటూ కూర్చునేవాళ్ళకి అది బాగుంటుంది. వంతెన మునిగితే అటు పోలేం, సముద్రం పోటెత్తితే ఇటు పోలేం. ఈ కొండదారి మాత్రం ఎప్పుడూ మునగదు. ఏ తల్లి పిలిచినా బయటపడగలిగే చోటు ఈ నేల మొత్తంలో ఇదొక్కటే. అందుకే చివరిదాకా పోయి చూసొచ్చాను."

ఫెర్గస్‌కి అర్థం కావడానికి పట్టిన సమయం నేను గడియారంలో చూశాను. తొమ్మిది సెకన్లు.

"అంటే... మూడు నెలల తర్వాత కూడా నువ్వు..."

"ఇంకా దారి చెప్పాలా? టోపీ తీసి యంత్రాన్ని అడగమంటావా?"

నేను చీజ్ రోల్స్ డబ్బా తీసుకుని కారు దిగి, కొండదారిలో ఎటువంటి అవసరమూ లేకుండా రెండువందల మీటర్లు నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూడవలసిన పని లేదు. ఫెర్గస్ నవ్వు కొండకి తగిలి నా దగ్గరికి వచ్చింది.

ఆ గేటుకి ఎనిమిదివందల తొంభై నాలుగు అని నంబరు ఇచ్చారు. పలక రెండువైపులా మెరిసే అంకెలున్నాయి. మార్కెట్లో ఉన్న ప్రతి నావిగేషన్ యంత్రంలోనూ అది ఈనాటికీ గొర్రెల పొలమే. రావలసినవాళ్ళు మాత్రం ఏ వేళ మిడ్‌వైఫ్‌ని పిలవడానికి వచ్చినా, ఒక్కరూ దారి తప్పలేదు.