లోపలి ప్యాడ్

ఉదయం ఆరున్నర. ఏన్కూరు దాటాక, అడవిలో కల్వర్టు కింద తెల్ల పికప్ ట్రాలీ బోల్తా పడి ఉంది.

స్టీరింగ్‌కూ సీటుకూ మధ్య డ్రైవర్ సీతయ్య ఇరుక్కుపోయాడు. ప్రాణం లేదు. తల వెనుక ఎముక లోపలికి కుంగింది. చొక్కా కాలర్ మీద రక్తం గడ్డకట్టి నల్లబడింది.

సీఐ హరిలాల్ వాగులోకి దిగాడు. పోలీసు కొలువుకు ముందు నాలుగేళ్లు ఇదే రోడ్డులో ట్రాలీ నడిపిన మనిషి.

ఎస్ఐ భాస్కర్ అప్పటికే ముందు ఎడమ చక్రం విప్పించాడు.

"బ్రేక్ ఫెయిల్ సార్."

చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్క్. దాన్ని రెండు వైపుల నుంచి నొక్కి ఆపే రెండు ప్యాడ్లు. బయటి ప్యాడ్ మందంగా ఉంది. లోపలిది పూర్తిగా అరిగిపోయి ఇనుము తేలింది.

"సోమవారం పూలిని గుద్ది ఆగకుండా పోయింది తెల్ల ట్రాలీయే. ఇదే బండి సార్. రెండు కేసులూ తేలిపోయినట్టే."

పూలి పక్క తండా మనిషి. తునికాకు మూట నెత్తిన పెట్టుకుని రోడ్డంచున నడుస్తుంటే బండి ఆమె మీదుగా వెళ్లింది. దవాఖానాకు చేరేలోపే పోయింది.

హరిలాల్ డిస్క్‌ను వేలితో తడిమాడు. నున్నగా ఉంది. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను చేత్తో అటూ ఇటూ తోశాడు. సులువుగా జరిగింది.

"ప్యాడ్లు సీల్ చెయ్యండి. సీతయ్య ముఖం మీద గీత కూడా లేదు. దెబ్బ తల వెనుక ఉంది. ఇది యాక్సిడెంట్ కాదు భాస్కర్."

కానీ మాట అప్పటికే ఊళ్లకు పాకింది. పూలిని చంపింది సీతయ్య బండే అని.

మధ్యాహ్నం పూలి భర్త బిచ్యా గొడ్డలితో సీతయ్య ఇంటికొచ్చాడు. తలుపు తన్ని పగలగొట్టాడు. అడ్డొచ్చిన సీతయ్య భార్య సోమమ్మను గొడ్డలి కర్రతో బాదాడు. ఆమె మోచేతి కింద ఎముక విరిగింది. గొడ్డలి తిప్పి ఎత్తేలోపు పక్కింటివాళ్లు అతణ్ని కింద పడేశారు. పోలీసులు వచ్చేసరికి అతని నోరంతా రక్తం.

స్టేషన్‌లో హరిలాల్ బిచ్యాను ఎదురుగా కూర్చోబెట్టాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నవ్?"

"ఇంట్ల. పిల్లకు జరం."

"సీతయ్యను నువ్వే చంపినవా?"

"నాకు ముందుగాల తెల్వదు సార్. తెలిస్తే నేనే చంపుదును."

సోమమ్మ చేతికి కట్టు కట్టించుకుని సాయంత్రం వచ్చింది.

"సోమవారం సంది నా పెనిమిటి సక్కగ తినలే సార్. ఏందని అడిగితే చెప్పలే. మొన్న ఫోన్‌ల ఎవరితోనో అన్నడు. 'నువ్వే పోయి ఒప్పుకో, లేకుంటే నేను చెప్త' అని."

"ఎవరితో?"

"తెల్వదు సార్. నన్ను చూసి బయటికి పోయిండు."

హరిలాల్ ఫోన్ కాల్స్ తెప్పించాడు. ఆ వేళ మాట్లాడింది చందర్‌తో. అదే ఊరు. అతనిదీ తెల్ల ట్రాలీయే. ఇద్దరూ కలిసి కల్లూరుకు మిర్చి లోడ్లు తోలేవాళ్లు. సీతయ్య శవాన్ని వాగులోంచి మోసినవాళ్లలో ముందు భుజం పట్టింది కూడా చందరే.

హరిలాల్ పిలిపిస్తే, మర్నాడు పదింటికి చందర్ తన బండి తెచ్చి స్టేషన్ ఆవరణలో పెట్టాడు. బెంచీ మీద సోమమ్మ. గోడ దగ్గర కానిస్టేబుల్ పక్కన బిచ్యా.

"కిరాయి ఉంది సార్. జల్దీ పోవాలె," అన్నాడు చందర్.

హరిలాల్ చొక్కా చేతులు మడిచాడు. జాకీ పెట్టి, ముందు ఎడమ చక్రం తనే విప్పాడు.

"ప్యాడ్లు మంచిగనే ఉన్నయ్ కద సార్."

"ఉన్నయ్. మరి డిస్క్ ఏంది, లోపలి దిక్కు గిట్ల చెక్కుకుపోయింది?"



హరిలాల్ కాలిపర్‌ను తోశాడు. కదలలేదు. భుజం ఆనించి తోసినా కదలలేదు.

"రెండు ప్యాడ్లూ సమంగా అరగాలంటే కాలిపర్ పిన్ను మీద అటూ ఇటూ జరగాలి. ఇక్కడ పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంది. అప్పుడు లోపలి ప్యాడే అరుగుతుంది. అరిగి ఇనుము తేలితే డిస్క్‌ను కోస్తుంది. సీతయ్య బండిలో పిన్ను జరుగుతోంది. డిస్క్ నున్నగా ఉంది. ఆ బండిలో ప్యాడ్ అట్లా అరగడానికి కారణమే లేదు."

సీల్ విప్పి అరిగిన ప్యాడ్ తీశాడు. దాన్ని చందర్ బండి డిస్క్‌కు ఆనించాడు. ఇనుము మీది గట్లు డిస్క్ గాట్లలో సరిగ్గా కూర్చున్నాయి.

"ఇది నీ ప్యాడ్. పూలి ఎదురైనప్పుడు నీ బండి ఆగలేదు. సీతయ్య చూసిండు. అతణ్ని చంపి, నీ ప్యాడ్లు అతని బండికి వేసి, అతని ప్యాడ్లు నువ్వు వేసుకున్నవ్. రెండు చావులూ అతని నెత్తిన పడాలని."

చందర్ వంగాడు. కింద ఉన్న చక్రాల పానా అందుకుని విసురుగా తిప్పాడు. కానిస్టేబుల్ దవడ పగిలింది. రెండో దెబ్బ హరిలాల్ భుజం మీద పడింది. హరిలాల్ ఆ చెయ్యి పట్టి మడ్‌గార్డ్ కేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పానా జారిపోయింది.

చందర్ మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు.

"బ్రేక్ తొక్కిన సార్. ఆగలే. భయపడి పోయిన. సీతయ్యేమో చెప్తనే అన్నడు. కాళ్లు పట్టుకున్నా ఇనలే. బండెక్కబోతుంటే ఎనక నుంచి కొట్టిన. సీట్ల కూసోబెట్టి బండిని కల్వర్టు కిందికి తోసిన."

సోమమ్మ లేచి అతని ముందుకొచ్చింది.

"ఒక్క దెబ్బకే పోయిండా?"

"లేదు."

"ఏమన్న అన్నడా?"

చందర్ తల దించుకున్నాడు. "వద్దురా అన్నడు."

ఆమె వెనక్కి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. చందర్‌ను లోపలికి ఈడ్చుకెళ్లారు. కానిస్టేబుల్‌ను దవాఖానాకు తీసుకెళ్లారు.

బిచ్యా ఇంకా గోడ దగ్గరే నిలబడ్డాడు. ఎవరూ ఆపకపోయేసరికి నెమ్మదిగా బెంచీ దాకా వచ్చాడు. ఆమె చేతి కట్టు వంక చూశాడు.

"నొస్తాందా అక్కా?"

"అవ్. నొస్తాంది."

సోమమ్మ బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. బిచ్యా కూర్చోలేకపోయాడు.