రాయి విన్న మాట

2094లో ఆదివారం సాయంత్రం ఏడింటికి టీవీల్లో రాళ్లు మాట్లాడేవి. 'నీటి యుద్ధం' డాక్యుమెంటరీ సిరీస్‌లో వారానికి ఒక పోరు చూపించేవారు. నటులు లేరు. పేలుడు వేడి తగిలిన రాతిలో ఆ తర్వాతి కొన్ని నిమిషాల చప్పుడు గడ్డకట్టి ఉంటుంది. దాన్ని లేజర్‌తో చదివి తిరిగి వినిపించే యంత్రం పేరు శిలాశ్రవణి. తయారుచేసిన వారిలో నీలవేణి ఒకరు.

ఆ రోజు బల్ల మీద ఉన్నది బూడిద కనుమ రాయి. ముప్పై మూడేళ్ల కిందట అక్కడ లొంగిపోయిన పదకొండు మంది శత్రు సైనికుల్ని కాల్చి చంపారు. ఆర్డరు ఇచ్చాడని నీలవేణి తండ్రి సుబేదార్ గురునాయుడికి పద్నాలుగేళ్ల జైలు పడింది. ఆయన దళమంతా శ్రీకాకుళం వాళ్లే. సుబేదారు "దించెయ్యండి" అన్నాడని అందరూ ఒప్పుకున్నారు. తుపాకులు దించమన్నానని ఆయన, తూటాలు దించమన్నాడని వాళ్లు.

"ఒకే మాటకి ఇంత తేడానా మేడం?" అన్నాడు దర్శకుడు జాఫర్.

"మనిషిని బస్సులోంచి దించుతాం. కత్తిని మనిషిలో దించుతాం. మా వాళ్లకి మాటల్లో పొదుపెక్కువ."

యంత్రంలోంచి తండ్రి గొంతు వచ్చింది. "సేతులెత్తీసినారు. తుపాకులు దించెయ్యండి."

నీలవేణి కళ్లు తుడుచుకుంది.

"ఇంక ఆయన్ని ఎవరూ ఏమీ అనలేరు మేడం," అన్నాడు జాఫర్.

రాయి ఆగలేదు. ఒక తూటా. ఇరవై సెకన్లకు రెండోది. మధ్యలో ఎవరో పరాయి భాషలో బతిమాలుతున్నారు. పదకొండు తూటాలకు మూడున్నర నిమిషాలు పట్టింది. ఆ నిమిషాల్లో "ఆపండి" అన్న మాట కోసం నీలవేణి మూడుసార్లు వెతికించింది.

"ఆ గొంతు మళ్లీ పలకలేదు," అంది యంత్రం. "ఊపిరి మాత్రం చివరిదాకా ఉంది. రాయికి రెండడుగుల దూరంలో."

జాఫర్ అడిగాడు. "ఎక్కడ కట్ చెయ్యమంటారు?"

"'దించెయ్యండి' దగ్గర."

ఆదివారం ఎపిసోడ్ అయ్యాక వీధి వీధంతా గురునాయుడి ఇంటికి వచ్చింది. ఇన్నేళ్లూ పలకరించని వాళ్లు దండలు వేశారు. వాళ్లు వెళ్లాక ఆయన కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"అంతేనేటమ్మా ఆ రాయి ఇన్నాది?"

"అంతే నాన్నా."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

"ఆ రోజు నానూ ఇలాగే ఊరుకున్నానమ్మా," అన్నాడు.