ఎండ పొడ

నౌపడ ఉప్పు మడుల్లో ముప్పై ఏళ్లు ఎండకు మాడిన మనిషి బుల్లమ్మ. ఆ ఎండంటేనే ఆమెకు పగ. అందుకే కూతురు దుర్గాభవాని నీళ్లోసుకుందని తెలియగానే పుట్టింటికి తెచ్చేసుకుంది. కడుపుతో ఉన్నన్నాళ్లూ గడప దాటనివ్వలేదు. కాన్పయ్యి మూడో నెల నడుస్తున్నా, బాలింతకు గాలి సోకుతుందని గది తలుపు తీయనేలేదు. ఎంత ప్రేమో చూడండి!

ఆ పొద్దున ఎప్పటిలాగే పథ్యం కూడు కలిపి తెచ్చేసరికి, పిల్లాడు గుక్క పట్టి ఏడుస్తున్నాడు. భవాని పక్కనే పడుకుని గోడకేసి చూస్తోంది.

"ఎత్తుకోవే, గుంటడు నీలబడిపోతన్నాడు!"

"లెగలేనమ్మా. తుంటి పట్టేసినాది."

ఆ గొంతులో బాధ కూడా లేదు. నెల్లాళ్లుగా అంతే, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెబుతుంది. బుల్లమ్మే పిల్లాణ్ణి భుజాన వేసుకుంది.

అంతలో అల్లుడు ధర్మేంద్ర వచ్చాడు. మొన్న అత్త వద్దన్నా వినక భవానిని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించింది అతనే. రక్తపరీక్ష కాగితం మంచం మీద పెట్టాడు.

"డి విటమిన్ బొత్తిగా నేదంట అత్తా. ఎముకల్లో సారం నేదంట. కడుపుతో ఉన్నప్పుడు బిళ్ళలు ఏసుకోనేదా అని డాక్టరమ్మ నన్ను తిట్టినాది. మీ ఊరి నర్సమ్మని అడిగితే, నెలనెలా నీ సేతికే ఇచ్చినానంటన్నాది."

"నాకు ఒక్కటీ ఇవ్వనేదే. ఏటి సేసినావమ్మా?" అంది భవాని.

బుల్లమ్మ అటక మీది చింతపండు కుండలో చెయ్యి పెట్టి, ఒక్క బిళ్ళా చింపని అట్టలన్నీ తీసి కూతురి ముందు పోసింది.

"ఎముకల బిళ్ళలని సెప్పినాది నర్సమ్మ. లోపల గుంటడి ఎముక ముదిరిపోద్దనుకున్నాను. తలకాయి బిగిసిపోతే కాన్పెలా అవుద్ది? మా సెల్లి లక్ష్మణమ్మ కాన్పులో బిడ్డ అడ్డం పడే సచ్చిపోనాది కదే!"

"నీకెవులు సెప్పినారు అత్తా అలాగని?" ధర్మేంద్ర అరిచాడు. "ఒక్క మాట అడక్కూడదా?"

భవాని అరవలేదు. అదే బుల్లమ్మను చంపేసింది.

"నేను సచ్చిపోతానని భయపడ్డావు. సావనేదు. గాని నా కొడుకు ఏడిస్తే ఎత్తుకోలేను. మరి బతికి ఏటి సుఖమే అమ్మా?"

బుల్లమ్మకు ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. అల్లుణ్ణి అడిగింది.

"నయమవుద్దా బాబూ?"

"అవుద్దంట. ఇదిగో, వారానికొక డి విటమిన్ బిళ్ళ. కాల్షియం రోజూ. కాసింత ఎండ తగలాలంట. కొన్ని నెలలు పడతాది."

బుల్లమ్మ పిల్లాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, బిళ్ళ కూతురి నోట్లో తనే వేసి, నీళ్లు తాగించింది. అల్లుడు ఒక పక్క, తనొక పక్క పట్టి భవానిని వాకిట్లోకి నడిపించి కూర్చోబెట్టారు. ఎండకు కళ్లు మూసుకుంది భవాని. నడుం నిలవక ఒరిగిపోతుంటే, బుల్లమ్మ వెనక చతికిలబడి ఆమెను తన గుండెకు ఆనించుకుంది. ధర్మేంద్ర లోపల్నుంచి పిల్లాణ్ణి తెచ్చి భవాని ఒళ్లో పెట్టాడు. ఏడుపు ఆపి వాడు తల్లి మొహంలోకి చూశాడు.

"వదలకే అమ్మా, పడిపోతాను."

"వదల్నే తల్లీ" అంటూనే బుల్లమ్మ భోరుమంది.