సాయమ్మ చెప్పుకున్న ప్రార్థన అంశం

బుధవారం పొద్దున సాయమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. కొత్తపేట రైతుబజారుకు వెళ్ళిన కోడలు ప్రసన్న ఖాళీ సంచీతో తిరిగొచ్చి తలుపు గడియ పెట్టేసింది. పాస్టరుగారి ఇంటికి పట్టపగలు గడియ పెట్టడం ఆ గల్లీలో ఎవరూ ఎరగరు.

"కూరగాయలేవి బిడ్డా?"

"కొననిచ్చారా అత్తయ్యా! టమాటాలావిడ కూడా ఫోన్ చూపించి, మీ ఆయన ఆఫ్రికావాడంట కదా అనింది." ప్రసన్నది గుంటూరు. కంగారు పడితే ఆమె మాటకు పట్టపగ్గాలుండవు. "ఎవడో వీడియో పెట్టాడు. ఈయన తల్లివైపు తాత హబ్షీ అంట, నిజాం గుర్రపు దళంలో పనిచేశాడంట. ముప్ఫై సంఘాలకు పెద్దగా ఎన్నుకునేముందు ఈయనెవరో తేల్చాలంట. దేవుని సేవకుడికి రంగేమిటని కొందరు రాశారు. కొందరైతే నోటికొచ్చినట్టు తిట్టి మన ఇంటి అడ్రసు కూడా పెట్టారు."

సాయమ్మ చేతిలోని చాట ఒరిగి బియ్యం నేలపాలయ్యాయి.

లోపలి గదిలోంచి సాయమ్మ కొడుకు, పాస్టరు ఎబినేజర్ వచ్చాడు. నలభై అయిదేళ్ళ నిండైన మనిషి. ఉంగరాల జుట్టు, గంభీరమైన గొంతు. ఆ గొంతు ఇవాళ బొంగురుపోయింది.

"పదకొండు గంటలకు ఛానెలోళ్ళు ఒస్తున్నరు. లైవ్‌ల బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్త, మా తాత చౌటుప్పల్ కాడ వడ్రంగి పని చేసెటోడని. ఛీ, గా హబ్షీ నెత్తురు నాకు అంటగడ్తరా? గీ మాట పుట్టిచ్చినోళ్ళు దొరికితే ఊకోను."

ఆ 'ఛీ' సాయమ్మ గుండెలో దిగబడింది. కిటికీలోంచి చూస్తే గేటు ముందు బైకు ఆపి ఎవడో ఇంటి నంబరు ఫొటో తీసుకుంటున్నాడు. ఆమె చప్పున పక్కకు తప్పుకుంది. బయటున్న వాణ్ణి చూసి భయం, ఇంట్లో ఉన్న కొడుకును చూసి అంతకు మించిన భయం. నోరు విప్పితే కొడుకు దక్కడు. విప్పకపోతే వాడు తెలియకుండానే బైబిల్ మీద అబద్ధం ప్రమాణం చేస్తాడు. పదిన్నర దాటింది.

"ప్రమాణం చెయ్యకు బిడ్డా. వాళ్ళు చెప్పింది నిజమే."

ఎబినేజర్ తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె ఆపకుండా చెప్పేసింది.

"మా నాయన పేరు అల్మాస్. ఆ దళపోళ్ళ బస్తీ ఏసీ గార్డ్స్‌ల ఉండెటోళ్ళం. దళం తీసేసినంక పెండ్లిళ్ళల్ల మర్ఫా డప్పు కొట్టెటోడు. నాకు ఎనిమిదేండ్లప్పుడు సచ్చిపోయిండు. మా అమ్మ నన్ను చౌటుప్పల్ తోల్కపోయి, లేని వడ్రంగిని ఒకణ్ణి నాకు నాయనను చేసింది. మీ నాయనకు తెలుసు. ఇద్దరం నోరు మూసుకున్నం."

"మరి బయటికెట్ల పోయింది?"

"నేనే చెప్పిన, మన సంఘంల రూతమ్మకు. నువ్వు పెద్దవైతుంటే ఎవడన్న తవ్వి తీస్తడేమోనని గుబులు పట్టింది. గీ సంగతి బయటపడకుండ ప్రార్థన చెయ్యమన్న."

పాపం, రూతమ్మ మంచిదే. తనొక్కతే ప్రార్థిస్తే చాలదనుకుంది కాబోలు, ప్రార్థన అంశమని చెప్పి ఉపవాస ప్రార్థన గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. రహస్యం దాగాలని నలభై ఇళ్ళలో ఆడవాళ్ళు మోకరించారు. మూడోనాటికి వీడియో వచ్చేసింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పకముందే ఛీ అంటివి గద బిడ్డా."

ఎబినేజర్ కుర్చీలో కూలబడ్డాడు. గేటు దడదడలాడింది.

"వచ్చేశారండీ! కెమెరా వాళ్ళ వెనక ఇంకో పదిమంది ఉన్నారు. మనవాళ్ళలా లేరు," అంది ప్రసన్న. కిటికీ రెక్క మూసేసింది.

ఎబినేజర్ లేచాడు. సాయమ్మ అతని చొక్కా పట్టుకుంది. "పోకు. నిన్నేమన్న చేస్తరు. గా పెద్దరికం ఒద్దు, ఏమొద్దు. ఇల్లు ఖాళీ చేసి ఏడికన్న పోదాం."

"మీ అమ్మ గట్లనే పోయింది. ఇంకెన్ని ఊర్లు మారుదమమ్మా?"

తల్లి వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా విడిపించుకుని గడియ తీశాడు. సాయమ్మ తలుపు చాటున గోడకు అతుక్కుని నిలబడింది. బయట ఎవరో అరుస్తున్నారు. రాయి పడుతుందేమోనని ఆమె కళ్ళు మూసుకుంది.

"మీది ఆఫ్రికా వంశమంటున్నారు. ఖండిస్తారా?" అనడిగింది ఛానెలమ్మాయి.

"ఖండించను. మా తాత పేరు అల్మాస్. ఇప్పటి దాక నాకు తెల్వదు. తెల్వకముందే ఆయన్ని ఛీ అన్న. మా అమ్మ ఇన్నేండ్లు మీకు భయపడి దాచిందనుకున్న, కాదు, నాకు భయపడ్డది. అమ్మా, నన్ను మాఫ్ చెయ్యి."

అరుపులు మళ్ళీ లేచాయి. సాయమ్మ గోడ పట్టుకుని కిందికి జారి, నోటికి కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా బావురుమంది. తండ్రి పోయిన రోజున చౌటుప్పల్ దారిలో తల్లి ఆమె నోరు చేత్తో గట్టిగా మూసింది. ఏడిస్తే ఎవరు పోయారని అడుగుతారని. అరవై రెండేళ్ళ కిందటి మాట.

ప్రసన్న పరుగున వచ్చి పక్కన కూర్చుంది. "ఎందుకేడుస్తున్నారు అత్తయ్యా? ఆయన బాగానే ఉన్నారు, చూడండి. ఏమైంది?"

"మా నాయన సచ్చిపోయిండు బిడ్డా."