కిటికీ మూల చాప

బెంగళూరు నుంచి హోసూరు రోడ్డు మీద, అత్తిబెలె ఇంకా రాకముందే పక్కకి తిరిగి లోపలికెళితే, నీలగిరి చెట్ల తోపులో ఓ యోగా రిసార్టు ఉంది. దాని ధ్యాన మందిరంలో కిటికీ మూల ఒక చోటుంది. అక్కడ పడుకున్నవాళ్ళ కాలి బొటనవేలు ఎవరో లాగుతారట. లైట్లు ఆర్పాక... మొదట మెల్లిగా... తర్వాత ఇంకాస్త గట్టిగా...

ఆ దారిన ఆటో తోలేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. రిసార్టువాళ్ళనడిగితే మాత్రం "అది ఎనర్జీ" అంటారు. వేలు లాగితే ఎనర్జీ, విరేచనాలైతే డీటాక్స్! వాళ్ళ దగ్గర దేనికైనా ఓ పేరు సిద్ధంగా ఉంటుంది.

సుప్రియకి ఇదేమీ తెలీదు. తెలిసినా నవ్వేసేది. బొమ్మసంద్ర దగ్గర ఓ ఆసుపత్రిలో, ఐసీయూలో ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసిన నర్సుకి దెయ్యాలేంటి చెప్పండి? కొన్నాళ్ళుగా ఆమెకి నిద్ర పట్టడం లేదు. ఆ రిసార్టు శిబిరానికి వెళ్ళి రమ్మని భర్త ఎబినేజర్ ఒకటే పోరు. ఈ సంగతి పాస్టరుగారి చెవిన వేయనని ఆయన మాటిచ్చాకే బయల్దేరింది.

మొదటిసారి యోగా శిబిరానికి వెళ్ళేవాళ్ళకి ఏముంటుందో తెలుసా? గేటు దగ్గరే ఫోను లాక్కుంటారు. బ్యాగులో బిస్కెట్లుంటే అవీ లాక్కుంటారు. నోరు మూసుకోమంటారు, దాని పేరు మౌనం. పొద్దున బూడిద గుమ్మడికాయ రసం, మధ్యాహ్నమూ అదే రసం. రాత్రికి, ఆ రసం తాగి బతికినందుకు మిమ్మల్ని మీరే మెచ్చుకోవాలి.

అక్కడి గురువు స్పందన. రెండేళ్ళ కిందటి దాకా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏదో స్టార్టప్‌లో, జనాన్ని నవ్వుతూ ఉద్యోగాల్లోంచి పీకేసే పని చేసేది. ఆ నవ్వు ఇప్పటికీ అలాగే ఉంది. చెవికి మైకు కొత్తగా వచ్చింది.

మొదటిరోజే వెంకటేశప్ప అనే పెద్దాయన ఆమె ముందు నిలబడ్డాడు. బళేపేటలో పాత్రల అంగడి ఆయనది. కొడుకు డబ్బు కట్టి పంపించాడు.

"నాకు షుగరుండాదమ్మా. మాత్ర మింగినాక ఏమన్నా తినల్ల."

"శరీరాన్ని నమ్మండి అంకుల్," అంది స్పందన. "దానికి అన్నీ తెలుసు."

సుప్రియకి ఒళ్ళు మండింది. "మేడమ్, షుగరు మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే ప్రాణానికే..."

స్పందన పెదవుల మీద వేలు పెట్టుకుంది. "మౌనం."

సాయంత్రం ఆయన అలవాటు కొద్దీ మాత్ర మింగేశాడు. సుప్రియ చూసింది. గబగబా వంటింటికి పరిగెత్తింది గానీ, దానికి తాళం. ఇక చేసేదేముంది? ఈ రాత్రి ఈయన్ని కనిపెట్టుకుని ఉండాలనుకుంది. అందుకే ఆయన పక్కనున్న చాప తీసుకుంది. అది కిటికీ మూలది. అదొక్కటే ఎందుకు ఖాళీగా ఉందో ఆమెకి తట్టలేదు.

లైట్లు ఆర్పేశారు.

"శవాసనం..." స్పీకర్లో స్పందన గొంతు. "మీరు శవం... ఏం జరిగినా కదలకండి... ఏం జరిగినా..."

సుప్రియ వెంకటేశప్ప ఊపిరి వింటూ పడుకుంది. వింటూ... వింటూ... ఇన్నాళ్ళూ ఏడిపించిన నిద్ర, సరిగ్గా రాకూడనప్పుడే వచ్చేసింది!

బొటనవేలు ఎవరో లాగారు.

ఎలకేమో అనుకుని కాలు ముడుచుకుంది. మళ్ళీ లాగారు — చల్లటి వేళ్ళు — ఈసారి కీలు కలుక్కుమనేంత గట్టిగా.

"ఎవరది?" చివ్వున లేచి కూర్చుంది. కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. చుట్టూ గుర్రు పెట్టే శవాలే. పక్కన మాత్రం... చప్పుడు లేదు.

చెయ్యి చాపి తడిమింది. వెంకటేశప్ప నుదురు చన్నీళ్ళలో ముంచి తీసినట్టుంది. పిలిస్తే సన్నగా మూలిగాడు.

"లైట్లెయ్యండి! అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!"

"ఎవరూ కళ్ళు తెరవద్దు," అంది మైకులో స్పందన, తియ్యగా. "అది ఆవిడ భయం. మనది కాదు."

ఒక్కరూ కదల్లేదు. అంత బుద్ధిమంతులు!

"నోర్ముయ్యవమ్మా తల్లీ!" అని సుప్రియ అరిచిన అరుపుకి, వరూధిని అనే ఆవిడ ఒక్కతే లేచి స్విచ్చి వేసి, అంబులెన్సుకి చెప్పడానికి ఆఫీసులోని ఫోను దగ్గరికి పరిగెత్తింది. తెల్లారి తాగించే నిమ్మరసం కోసం పడుకునే ముందు ఎవరో తెచ్చి పెట్టిన తేనె సీసా బల్ల మీద ఉంది. ఆయన్ని పక్కకి ఒత్తిగిల్లించి, తేనె కొద్దికొద్దిగా చిగుళ్ళకి రాస్తూ కూర్చుంది సుప్రియ. లోపల ఒకటే ప్రార్థన.

చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు.

"నా బొటనేలు పట్టుకోని లాగుతానే ఉంటివి కదమ్మా... లేయల్లంటే లేయలేకపోతిని."

సుప్రియ ఆయన కాళ్ళ దిక్కే వెళ్ళలేదు.

అంబులెన్సు వచ్చి ఆయన్ని ఎక్కిస్తుంటే, వరాండాలో వరూధిని గుసగుసగా చెప్పింది.

"పోయినేడాది కూడా వచ్చాన్నేను. ఆ మూలన లక్ష్మీనారాయణగారని ఒకాయన పడుకున్నారు. ఏమాత్రం కదల్లేదు. 'చూడండి, శవాసనమంటే ఇదీ' అంది మేడమ్. మేమంతా..."

చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేమంతా చప్పట్లు కొట్టాం. కషాయానికి పిలిచినా లేవకపోతే గానీ... తెలీలేదు."

సుప్రియ వెంకటేశప్పతో పాటు ఆసుపత్రికి వెళ్ళాలి, బ్యాగు లోపలుంది. ఖాళీ హాల్లోకి నడిచింది. ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. కిటికీ మూల చాప అలాగే పరిచి ఉంది.

"లక్ష్మీనారాయణగారూ," అంది, తనకే సిగ్గేసేంత చిన్న గొంతుతో. "ఆయన బతికారండీ. ఇంక మీరు పడుకోండి."

చాప మీంచి ఓ ఊపిరి వినిపించింది... ఎన్నాళ్ళుగానో బిగబట్టి ఉంచుకుని, నిదానంగా వదిలిన ఊపిరి. ఐసీయూలో ఆమె ఎన్నిసార్లో విన్నదే.

అలవాటు కొద్దీ ఇంకో ఊపిరి కోసం ఆగింది సుప్రియ.

రాలేదు.