పంపకుండా వదిలేసినవాడు

కాఫీ పళ్ళు కోసే నెలల్లో మా ఊళ్ళో మధ్యాహ్నమైనా పొద్దు కనిపించదు. మంచు దిగి చెట్లనీ ఇళ్ళనీ మింగేస్తుంది. టైడా స్టేషన్ మా కాళ్ళ కిందే ఉంటుంది గానీ రైలు కనిపించదు, కూత మాత్రం పైకొస్తుంది. కళ్ళాల్లో ఆరబోసిన కాఫీ పళ్ళు పులిసిన వాసన, తడి కట్టెల పొగ, మేకల కంపు. మంచులో మాకు దారి చూపించేది ఆ వాసనలే. గాసి ఇల్లు వచ్చింది, గెడ్డ దగ్గరపడింది అని ముక్కుతోనే చెప్పేస్తాం.

మా ఊరి గురుమాయి కనక అప్ప. గురుమాయి అంటే చనిపోయినవాళ్ళని పిలిచి మాట్లాడించే మనిషి. ఒళ్ళో చేట, చేటలో పసుపు కలిపిన బియ్యం. ఆ బియ్యంలో చిన్న కత్తి మొన గుండ్రంగా తిప్పుతూ పిలుస్తుంది. తిప్పగా తిప్పగా మెడ వాలిపోతుంది. ఆ తర్వాత ఆవిడ నోట్లోంచి వచ్చే మాట ఆవిడది కాదు. నేను పక్కన కూర్చుని మడమలు పట్టుకుంటాను, మనిషి పూర్తిగా వెళ్ళిపోకుండా. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో పట్టుకున్నాను. నాకు మనవలు కూడా వచ్చారు, ఇంకా పట్టుకునే ఉన్నాను.

వచ్చినవాళ్ళకి ఇంత అన్నం పెట్టాలి, ఇంత కల్లు పొయ్యాలి, చెప్పేది వినాలి. ఆపైన పంపాలి. "తిన్నావు, తాగావు, సెప్పుకున్నావు. ఇంక దిగు" అని చేటలో బియ్యమంతా పడమటి గుమ్మంలోంచి బయటికి విసిరెయ్యాలి. పిలిచిన మనిషి ఉండేది ఆ బియ్యంలోనే. ఒక్క గింజ కూడా ఇంట్లో మిగలకూడదు. విచిత్రం చూడండి, ఆ గింజల్ని కోళ్ళు కూడా ముట్టవు.

ఏడాదిగా అప్ప చేతులు వణుకుతున్నాయి. మతి కూడా జారిపోతోంది. తలలో దువ్వెన పెట్టుకుని దాని కోసమే ఇల్లంతా వెతికేది. నన్ను చూసి "ఎవలి కోడలివే నువ్వు?" అనేది. "నీ సవితిని" అంటే పకపకా నవ్వేది. పిలవడం మాత్రం మరిచిపోలేదు. పంపడమే మరిచిపోయేది. నేను చెవిలో చెప్పేదాన్ని. అప్పటికీ తెలియకపోతే ఆవిడ చేతుల కింద నా చేతులు పెట్టి చేట నేనే విసిరేదాన్ని. చూసేవాళ్ళకి ఆవిడే విసిరినట్టుండేది.

ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. పక్క కొండ మీద ఒక ముసలాయన ఇలాగే మతి తప్పి ఏదో గొణుక్కుంటుంటే, చిల్లంగి పెడుతున్నాడన్నారు. చిల్లంగి అంటే చేతబడే. స్తంభానికి కట్టి రాయితో పళ్ళు రాలగొట్టారు. పొద్దుగూకేసరికి పోయాడు. మా ఊరివాళ్ళు మంచివాళ్ళే. ఆ ఊరివాళ్ళూ మంచివాళ్ళే.

అలా ఉండగా కృపావతి కూతురికి జ్వరం వచ్చింది. ఆస్పత్రి మాత్రలు వేశారు, ఆదివారం ప్రార్థన చేయించారు, ఆ తర్వాత మా దగ్గరికొచ్చారు. అందరూ అంతే, మేమెప్పుడూ మూడోవాళ్ళమే. "తాత గుండెల మీద కూకుంటన్నాడు" అని ఆ గుంట ఏడుస్తోందట. తాత అంటే కృపావతి తండ్రి భీముడు. కృపావతి చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెళ్ళాన్ని గొడ్డలితో నరికి జైలుకెళ్ళాడు. ముసలాడై తిరిగొచ్చి కూతురింటి అరుగు మీద కూలబడ్డాడు. ఆమె గంజి పోసేది గానీ మొహం చూసేది కాదు. మొన్నటి వానల్లో పోయాడు.

వాళ్ళిల్లు గెడ్డ ఒడ్డున ఉంది. పడమటి గుమ్మం దాటితే నిలువునా లోయ, కింద బండరాళ్ళు, రాళ్ళ మధ్య నీళ్ళు. ఆ గుమ్మానికెదురుగా కూర్చుని అప్ప కత్తి తిప్పింది. మెడ వాలింది. మడమలు చల్లబడ్డాయి.

"ఎవలొచ్చారు?" అని అడిగాను.

"ఎవల్ని పిలిసేరో ఆడే." మగగొంతు. కల్లు పట్టిన గొంతు.

"ఏటి కావాలి నీకు?"

"నా పని అవనేదు."

"ఏటి పని?"

అప్ప మెడ మెల్లిగా కృపావతి వైపు తిరిగింది. "మీ అమ్మ ఏదే, గుంటా?"

"నువ్వే కదా నరికేసినావు" అంది కృపావతి. గొంతు వణకలేదు.

"ఒకదాన్నే నరికేను. నువ్వు మంచం కిందకి దూరిపోనావు."

ఆ మాట పూర్తవకముందే లోపల పిల్ల కళ్ళు తేలేసింది. ఒళ్ళు కొయ్యబారింది, నోట్లో నురగ. కృపావతి కేక పెట్టింది. నేను మడమలు వదిలేసి పరుగెత్తాను. పిల్లని పక్కకి తిప్పి, తడిగుడ్డ వేసి, మళ్ళీ ఊపిరి దారిలో పడేసరికి ఇవతల అప్ప లేదు. మంచులో ఇంటికి పోతోంది. వెనకాలే పరుగెత్తి చేట చూశాను. ఖాళీగా ఉంది.

"పంపినావా అప్పా?"

"పంపేనే. నాకు తెల్దేటి? నువ్వు నేర్పుతావేటి నాకు?"

ఖాళీ చేట చూసి నా ప్రాణం కుదుటపడింది. ఆవిడ కొంగు ముడి చూడాలని నాకు తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం అప్ప ఇంటికి వెళ్ళాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చెయ్యి నాకే కనిపించలేదు. గుమ్మం దగ్గరే వాసన తగిలింది. ఉడికిన అన్నం... పసుపు. లోపల అప్ప గొంతుక్కూర్చుని ఉంది, మోకాళ్ళు వెడల్పుగా పెట్టి, మగాడిలా. కుండ బోర్లా పడి ఉంది. పెదాల మీద, గడ్డం మీద పచ్చటి మెతుకులు.

"ఏటి తిన్నావే అప్పా?"

"అన్నం. ఆకలేసింది." నా వైపు చూసి నవ్వింది. "రా, బుద్రీ, కూకో."

ఏడాది తర్వాత ఆవిడ నోట నా పేరు విన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజం చెప్తున్నాను. అప్పుడు చూశాను ఆవిడ చేతులు. వణకడం లేదు. రాయిలా నిలకడగా ఉన్నాయి. ఆ చేతుల్లో గొడ్డలి. నూరుతోంది.

"నా గుంట ఇంట్లోనే ఉందా?" అంది.

నేను వెనక్కి వెనక్కి నడిచి బయటపడి, తలుపు గొళ్ళెం పెట్టి, అందులో కర్ర దూర్చాను. కృపావతికి చెప్పాలి. చెబితే కొండబాబుకి తెలుస్తుంది. కొండబాబు ఆమె మొగుడు, నెమ్మదైనవాడు, ఈగని కూడా అదిలించడు. కానీ పెళ్ళానికి ముప్పని తెలిస్తే ఊరిని లేపుతాడు. స్తంభం, తాడు, రాయి. నా అప్ప నోరు... నాకు ఆకుల పేర్లు చెప్పిన నోరు, నా మొదటి పిల్ల పోయినప్పుడు ఏడవడం ఎలాగో నేర్పిన నోరు.

చెప్పకుండానే వాళ్ళని పంపించేద్దామని కృపావతి ఇంటికి పరుగెత్తాను.

"పిల్లని తీసుకుని బేగి స్టేషనుకి పొండి. రైలొచ్చీసరికి కొండ దిగిపోవాలి."

"ఎందుకు పిన్నీ?"

"అడక్కు."

కొండబాబు నవ్వాడు. "పగలే ఏసీసినావేటి పిన్నీ? మాకూ కూసింత ఉంచవలిసింది."

"నవ్వకురా. పొండి."

"ఏటయిందో సెప్పకపోతే నాను కదల్ను" అంది కృపావతి.

నోరు తెరిచాను. అప్పుడే బయట మేక అరిచింది. అరుపు సగంలో తెగిపోయింది.

తర్వాత కుక్క. ఒకే దెబ్బ. మెత్తటి చప్పుడు.

తర్వాత ఏమీ లేదు... మంచు, గెడ్డ హోరు... వేడి రక్తం వాసన గుమ్మంలోంచి లోపలికొచ్చింది. ఆ వెనకే అప్ప వచ్చింది. చీర మోకాళ్ళ దాకా ఎర్రగా తడిసి ఉంది. గొళ్ళెంలో నేను దూర్చిన కర్ర విరిగిన ముక్క, ఆవిడ భుజంలో గుచ్చుకుని ఉంది. ఆవిడకి ఆ సంగతే తెలియడం లేదు.

"అప్పా, ఏటి సేత్తన్నావు!" అని కొండబాబు అడ్డం వెళ్ళాడు. గొడ్డలి తిరగేసి కొట్టింది. వాడి కుడిచెయ్యి ఎండిన కాఫీ కొమ్మలా ఫెళ్ళుమంది. ఎముక బయటికొచ్చింది. వాడు పడమటి గుమ్మం పక్కన కుప్పకూలి, కళ్ళు మూసేశాడు.

కృపావతి పిల్లని చంకలో ఇరికించుకుని మంచం కిందకి దూరింది. అదే పని మళ్ళీ... చిన్నప్పటి భయం మనిషిని చిన్నప్పటి చోటుకే తోస్తుంది కాబోలు.

"ఇక్కడే ఉన్నావన్నమాట" అంది ఆ గొంతు. ముద్దుగా అంది.

గొడ్డలి దిగింది. నులక తెగింది. మళ్ళీ దిగింది. పట్టె చీలింది. కింద పిల్ల కెవ్వుమంది. మూడో దెబ్బకి చేతులు పైకి లేచాయి.

నేను నేల మీద పడి ఆ మడమలు పట్టుకున్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

గొడ్డలి గాల్లో ఆగిపోయింది. ఆవిడ తల వంచి నన్ను చూసింది. అప్ప కళ్ళు. అప్ప గొంతు.

"బుద్రీ... నానే. ఆ బియ్యం నా కడుపులో ఉన్నాయే."

"అప్పా..."

"ఇసిరెయ్యి నన్ను. సేట ఇసిరినట్టు. బేగి... మళ్ళీ ఒచ్చేత్తాడు."

"నా వల్ల కాదు అప్పా."

"ఆ గుంటని సంపమంటావా? నా సేత్తో సంపమంటావా? పంపెయ్యే తల్లీ..."

తానే పడమటి గుమ్మం దాకా నడిచింది. కొండబాబు పక్కన వంగి గొడ్డలి జారవిడిచింది; గడ్డం మీది పచ్చటి మెతుకొకటి వాడి నోటి మీద రాలింది. నాకు వీపు పెట్టి నిలబడింది. కింద ఎక్కడో గెడ్డ నీళ్ళ చప్పుడు. ఎదర అంతా తెలుపు.

తిన్నావు. తాగావు. సెప్పుకున్నావు...

ఇంక దిగు.

తోశాను. ఆవిడ బరువే లేదు. నిజంగా చేటంత కూడా లేదు. మంచు ఆవిడని మింగేసింది. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత బండ మీద... ఒకసారి. ఇంకొంచెం కింద, మరొకసారి.

అప్పకి మతి చెదిరి, మంచులో దారి తెలియక గెడ్డలో పడిందని చెప్పాం. అలాగే అని ఊరు ఏడ్చింది. ఎవరూ చిల్లంగి అనలేదు. ఎవరూ రాయి పట్టలేదు. పూలు చల్లి, డప్పు కొట్టి సాగనంపారు. పిల్లకి ఆ రోజే జ్వరం తగ్గింది. కొండబాబుకి ఆస్పత్రిలో మోచెయ్యి దాటి సిమెంట్ కట్టు వేశారు. అంతా సరిపోయిందనుకున్నాను. అప్ప తన ప్రాణమిచ్చి వాళ్ళని కాపాడిందని చెప్పుకుని, రోజూ దణ్ణం పెట్టుకున్నాను.

పోయినవాళ్ళని ఒకసారి పిలిచి, తిండి పెట్టి పంపాలి కదా. అప్పకి నా అన్నవాళ్ళు లేరు. "మా ఇంట్లోనే పిలుద్దాం పిన్నీ" అంది కృపావతి. అనంతగిరి వైపు నుంచి వేరే గురుమాయిని రప్పించాం. చిన్న వయసు మనిషి. పట్టపగలే కూర్చుంది. నేను ఆమె మడమలు పట్టుకున్నాను. అవి చల్లబడ్డాయి.

"బుద్రీ" అంది. అప్ప గొంతు. నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చేశాయి.

"అప్పా! నానే. అన్నం తిను, కల్లు తాగు. నీకిష్టమని జీలుగు కల్లే తెచ్చేను."

"నన్నెందుకు తోసినావే?"

నాకు అర్థం కాలేదు. "నువ్వే కదప్పా అడిగినావు... గుమ్మం కాడ..."

"నానెప్పుడు అడిగేనే?" అంది. తిట్టడం లేదు. దారి తప్పిన పిల్లలా అడుగుతోంది. "నాకు తెలివొచ్చీసరికి గాల్లో ఉన్నాను."

నా చేతులు జారిపోయాయి. మళ్ళీ పట్టుకున్నాను. నన్ను బతిమాలిన ఆ గొంతు, ఆ కళ్ళు... తల్లీ అన్న ఆ పిలుపు... ఎవరిది మరి?

గుసగుసగా అడిగాను. "ఆడు... ఆడు కూడా నీతోనే పడిపోనాడు కదప్పా?"

గురుమాయి మెడ అడ్డంగా ఊగింది.

"నేదే బుద్రీ. నానొక్కదాన్నే పడ్డాను."

నేనే చేట అందుకున్నాను. నేనే చెప్పాను, నేనే విసిరాను. ఒక్క గింజ మిగలకుండా గుమ్మం ఊడ్చాను. గురుమాయి కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. లోపల కృపావతి కూతురికి జడ వేస్తూ ఏదో పాట పాడుతోంది. చాలాకాలానికి ఆ ఇంట్లో పాట విన్నాను.

అప్పుడు తెలిసింది, బయటినుంచి ఒక చప్పుడు వస్తోందని. ఎప్పటినుంచి వస్తోందో మరి. ఠక్... ఠక్...

తూర్పు గుమ్మంలోకి వెళ్ళి చూశాను. మంచులో కొండబాబు కట్టెలు కొడుతున్నాడు. పక్కన మోపు చూరు దాకా లేచి ఉంది. వాడు ఆగడం లేదు.

కట్టు వేసిన చేత్తోనే కొడుతున్నాడు.